ఒక్క ఫైలు చెడింది

ఆఫీసులో ఆమెను అందరూ భూతద్దం అనేవారు. ఎవరు రాసిన కోడైనా ఆమె కళ్లబడకుండా గడప దాటేది కాదు. ఆ పేరు ఆమె చెవిన కూడా పడింది. కోపం తెచ్చుకోలేదు సరికదా, "అద్దం తుడుచుకుని వచ్చాను, ఏదీ చూపించండి" అంటూ కుర్చీ లాక్కుని కూర్చునేది.

వాళ్ల కంపెనీ లిఫ్టులకు సాఫ్ట్‌వేర్ రాస్తుంది. కంపెనీ పుట్టిన నాటి నుంచి ఎవరు ఏ ఫైలులో ఏ అక్షరం మార్చినా, మార్చక ముందుదీ మార్చిన తరవాతదీ రెండూ ఒకచోట భద్రంగా ఉంటాయి. దాన్ని రిపాజిటరీ అంటారు. నోరు తిరగక అందరూ రెపో అనేస్తారు. ఏళ్ల తరబడి పెరిగి పెరిగి అది కొండంత అయింది. పాత సర్వరు మూలుగుతోందని కొత్తది కొన్నారు. మొత్తం అందులోకి కాపీ చేశారు.

ఆ ఉదయం మేనేజరు ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, పాత సర్వరు తీసుకుపోడానికి మధ్యాహ్నం వ్యాను వస్తోంది. కాపీ అయిపోయిందిగా? ఇంకా ఏం చేస్తున్నావు?"

"సరిచూస్తున్నాను సార్."

"సైజు సరిపోయింది. ఫైళ్లు తెరుచుకుంటున్నాయి. పొద్దున కోడు కూర్చి బిల్డ్ కూడా చేశాం. ఇంకా సరిచూడ్డానికి ఏం మిగిలింది?"

"బిల్డ్ అయింది ఇవాళ్టి కోడు సార్. అడుగునున్న పాతదాన్ని ఎవరూ తెరిచి చూడలేదు. సాయంత్రానికి తేలుతుంది. వ్యాను రేపు రమ్మనండి."

మేనేజరు నసిగాడు. ఆమె తల ఎత్తలేదు. తల ఎత్తకపోతే ఇక ఆ మాటకు తిరుగు లేదని అతనికి తెలుసు. వ్యాను వాడికి ఫోను చేయడానికి వెళ్లిపోయాడు.

ఆమె చేస్తున్న పని చెప్పడానికి తేలికే. రెపోలో దాచిన ప్రతి ముక్కకూ ఒక పొడవాటి గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఎవరో పెట్టిన పేరు కాదు, ముక్కలో ఉన్న అక్షరాల నుంచే లెక్కగట్టింది. లోపల ఒక్క అక్షరం మారినా గుర్తు కుదరదు. కంప్యూటరు ఒక్కొక్క ముక్కనూ తెరిచి, మళ్లీ లెక్కగట్టి, పాత గుర్తుతో పోల్చుకుంటూ పోతుంది. లక్షల ముక్కలు. ఓపిక కావాలి, అంతే.

భోజనం చేసి వచ్చేసరికి తెరమీద ఒక ఎర్ర గీత కనిపించింది. ఒక ముక్క పాడైంది.

ఆమెకు కంగారు పుట్టలేదు. నిజం చెప్పాలంటే లోలోపల కాస్త సంతోషం కూడా వేసింది. దొరికిందంటే పట్టుకోవచ్చు. పాత సర్వరులో చూసింది. అక్కడా అదే ముక్క అలాగే చెడి ఉంది. అంటే తప్పు కాపీ చేయడంలో లేదు, ఎప్పుడో పాత డిస్కులోనే పుచ్చిపోయింది. విడిగా దాచిన పాత బ్యాకప్పులన్నీ బయటికి తీయించి చూసింది. అన్నింటిలోనూ చెడ్డదే. చెడిపోయినదాన్నే ఇన్నాళ్లూ పదిలంగా కాపీలు తీస్తూ వచ్చారన్నమాట!

అది ఏ ఫైలో వెతికి పట్టుకునేసరికి మేనేజరు మళ్లీ వచ్చాడు.

"పాత చిన్న మోడల్ లిఫ్టు లేదూ సార్, దాని తలుపుల ఫైలు," అంది.

మేనేజరు ముఖం పాలిపోయింది. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆపేసినా పాత క్లినిక్కుల్లో, అపార్టుమెంట్లలో ఇంకా తిరుగుతూనే ఉంది. తలుపులు తొందరపడి మూసుకుంటున్నాయని ఫిర్యాదులు వస్తే, ఈ నెలలోనే దిద్ది పంపుతామని మాట ఇచ్చారు. ఆ ఫైలు లేకుండా ఆ మోడల్ బిల్డ్ కాదు, అంటే దాని సాఫ్ట్‌వేర్ తయారే కాదు.

"మనవాళ్ల మిషన్లలో ఉంటుందేమో?"

"అందరం ఈమధ్య మారిన కోడు మాత్రమే దించుకుంటాం సార్. మొత్తం ఎవరి దగ్గరా లేదు."

"పోనీ, మళ్లీ రాయించేద్దామా?"

"తలుపు ఎంతసేపు తెరిచి ఉండాలి, చెయ్యి అడ్డం పడితే ఎంత త్వరగా ఆగాలి, ఇవీ అందులోని అంకెలు. ఊహించి రాద్దామంటే మాత్రం నేను ఒప్పుకోను. అసలుది దొరుకుతుంది. వెతుకుదాం. అందాకా వ్యాను వద్దనండి."

ఆ ఫైలు చివరిసారి రాసిందెవరో చూసి ఆమె ఫక్కున నవ్వింది. సాక్షాత్తూ తన బావ! అక్క మొగుడు. ఆమెను ఈ ఉద్యోగంలో చేర్చిందీ అతనే. తరవాత తెరలు చూసి చూసి విసుగెత్తి, ఉద్యోగం మానేసి కుర్చీలు, బల్లలు చేసే షెడ్డు పెట్టుకున్నాడు. వెళ్లేటప్పుడు కంపెనీ పాత లాప్‌టాప్‌ను అతనికే ఇచ్చేసింది.

మరునాడు పొద్దున్నే ఆమె అక్కవాళ్లింటికి వెళ్లింది. బావ ఒళ్లంతా రంపపు పొట్టుతో షెడ్డులోంచి బయటికి వచ్చాడు.

"రావే మరదలా! దారి తప్పావా?"

"నీ పాత లాప్‌టాప్ కావాలి బావా. అందులో రెపో ఉంది కదూ?"

"అయ్యో, అదెప్పుడో తీసేశాను. అమ్మ పాటలకు చోటు చాలకపోతేనూ!"

ఆమె లోపలికి తొంగి చూసింది. ముందు గదిలో అక్క అత్తగారు ఆ లాప్‌టాప్ ముందే కూర్చుని పేకాట ఆడుకుంటోంది.

"ఒక్కసారి ఇస్తారా అత్తయ్యా? చూసి ఇచ్చేస్తాను."

"ఇప్పుడా? ముక్కలు ఇప్పుడిప్పుడే కలుస్తున్నాయమ్మాయ్. ఇంతకీ దేనికి?"

"బావ తీసేసిన పాత ఫైళ్ల కోసం. ఉన్నాయో, పోయాయో."

"ఎక్కడికి పోతాయి? చెత్తబుట్టలోనే పడున్నాయి. ఖాళీ చెయ్యాలా, శాశ్వతంగా పోతాయి అని అది వారానికోసారి నన్ను అడుగుతుంది. వాడి వస్తువులు శాశ్వతంగా పారెయ్యడానికి నేనెవర్ని? వద్దని నొక్కేస్తుంటాను."

"అమ్మా! అందుకేనా అది నత్తలా నడుస్తోంది?" అన్నాడు బావ.

"నత్తయితేనేం, నాకేమన్నా రైలు తప్పిపోతుందా?"

భూతద్దం ఆవిడను గట్టిగా వాటేసుకుంది. ఆట అయ్యేదాకా పక్కనే బుద్ధిగా కూర్చుంది. అక్క ఇచ్చిన కాఫీ తాగింది. తరవాత చెత్తబుట్ట తెరిచి, మొత్తం ఫోల్డరును తను తెచ్చిన డిస్కులోకి ఎక్కించుకుంది. బావ భుజం మీదుగా వంగి చూస్తున్నాడు.

"పొట్టు రాలుతోంది బావా, కాస్త దూరం జరుగు."

"నేను రాసిన ఫైలే! నా దగ్గర దొరికిందంటే సరైనదే, అనుమానమెందుకు?"

"నువ్వు చెప్పావని కాదు, గుర్తు కుదిరితే నమ్ముతాను."

ఆ ముక్కను తీసి లెక్కగట్టింది. వచ్చిన గుర్తును ఆఫీసు నుంచి తెచ్చిన గుర్తు పక్కన పెట్టింది. మొదటి నుంచి చివరి అక్షరం దాకా వేలు పెట్టి మరీ చదివింది. కుదిరింది.

"నా మరదలంటే మరదలే," అన్నాడు బావ. ఆ గొంతులో కొంచెం గర్వం వినిపించింది.

ఆఫీసుకు వచ్చి మంచి ముక్కను కొత్త సర్వరులో పెట్టింది. అంతటితో ఆగలేదు. మొదటి నుంచి మళ్లీ మొత్తం సరిచూడమని కంప్యూటరుకు చెప్పింది. ఈసారి మేనేజరు కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చున్నాడు. సాయంత్రానికి పని ముగిసింది. తెరమీద ఒక్క గీత కూడా రాలేదు.

"ఏమీ రాలేదేంటమ్మా?"

"ఏమీ రాకపోవడమే సార్ మనక్కావలసింది."

ఇక వ్యానును రమ్మనమని తనే చెప్పింది. నెలనెలా మొత్తం సరిచూడాలనీ, సరిచూశాకే బ్యాకప్ తీయాలనీ మేనేజరు ఆ రోజే ఆర్డరు వేశాడు. బావకు ఫోను చేసి, కంపెనీ కోడు ఇంట్లో ఉంచుకున్నందుకు చీవాట్లు పెట్టి, ఉంచుకున్నందుకే థాంక్స్ కూడా చెప్పాడు. రెండూ ఒకే ఊపిరిలో చెప్పాడట.

దిద్దిన సాఫ్ట్‌వేర్ మాట ఇచ్చిన నెలలోనే వెళ్లింది. దాన్ని ఎక్కించే రోజున మెకానిక్కు వెంట ఆమె కూడా ఒక క్లినిక్కుకు వెళ్లింది. పని అయ్యాక ఆమె లిఫ్టు లోపల నిలబడి ఉండగా, చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన మెల్లగా లిఫ్టు వైపు నడిచి వస్తున్నాడు. కర్ర లోపల పెట్టి, కాలు ఎత్తి పెట్టి, ఊపిరి తీసుకుని, రెండో కాలు కూడా లోపలికి తెచ్చుకున్నాడు. అప్పటిదాకా తలుపు కదలలేదు.

"ఎన్నో ఫ్లోరు తాతగారూ?" అంది ఆమె, మీటల వైపు చెయ్యి చాపుతూ.