ఒక మడత ఖాళీ

పెరుమాళ్సామి లేబుల్ కాగితాన్ని తలకిందులుగా తిప్పి, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, ఎడమ కన్ను మూసి చూశాడు. కోవిల్‌పట్టిలోని ఆ అచ్చాఫీసులో ముప్పై నాలుగేళ్లుగా అగ్గిపెట్టె లేబులైనా, వేరుశనగ మిఠాయి లేబులైనా, ఆయన అలా తిప్పి చూడందే యంత్రమెక్కలేదు. కంప్యూటరు ముందు కూర్చునే ఇళవరసికి కొలతలు చెప్పడానికి ఆయన దగ్గరున్నది మూడు సమానమైన మడతలు పెట్టిన తాటాకు పట్టీ. రెండు మడతలు బొమ్మకూ అక్షరాలకూ, ఒకటి ఖాళీకి. పేచీ అంతా ఆ ఖాళీతోనే. దాన్ని చూస్తే వ్యాపారులకు తూకంలో తరుగు వచ్చినంత బాధ.

ఆ రోజుతో ఆయన ఉద్యోగం ఆఖరు. విరుదునగర్ మిరపపొడి వ్యాపారి మాధవన్ లేబుల్ ఆఖరి పని. అది తను కూర్చినట్టే అచ్చుకెక్కితే నిశ్చింతగా ఊరు చేరుకుందామనుకున్నాడు. ఆ తొందరలో, మాధవన్ ఎదురుగానే కూర్చున్నాడన్న సంగతి మరిచిపోయాడు. లేబుల్ నడుమ ఉన్నది మాధవన్ చనిపోయిన తండ్రి ఫొటో.

“ఏమన్నా, మా నాయన్ని తలకిందులు చేస్తివే,” అంటూ మాధవన్ లేచాడు. “బొమ్మ జూస్తే ఇంతే ఉండాది. చుట్టూ చోటంతా వట్టిగా పోతాది. మా అమ్మ సరే అంటేనే అచ్చు.”

పెరుమాళ్సామి చప్పున కాగితాన్ని నేరుగా తిప్పాడు. అన్నేళ్లు ఒద్దికగా పనిచేసి, వెళ్లిపోయే రోజున చచ్చినవాణ్ణి అవమానించాడన్న మాట మిగిలేట్టుంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తాటాకు పట్టీని కంప్యూటరు పక్కన బల్ల మీద పెట్టి, కాగితం చుట్టుకుని, మాధవన్‌తో పాటు అతని కారెక్కాడు.

విరుదునగర్‌లో మాధవన్ తల్లి జానకియమ్మాళ్ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. కొడుకు చెప్పిందంతా విని, చేతులు తుడుచుకుని, కాగితం అందుకుంది.

“ఏల తిప్పితివప్పా?”

“నేరుగా పట్టుకుంటే కన్ను అక్షరాలు చదవబోతాదమ్మా. తిప్పితే ఏ పక్క బరువుండాదో అదొకటే తెలుస్తాది.”

“నాకు చదువు రాదు. తిప్పకున్నా నాకంతే కదా,” అని ముసలామె నవ్వింది. ఆ తర్వాత చాలాసేపు చూసింది. “మాధవా, మీ నాయన బతికినన్నాళ్లూ మూటల నడుమనే నలిగె. ఈడ కాస్త కాలు చాపుకొని కూసున్నట్టుండాడు. ఆ చోటు పూడ్చొద్దు.”

మాధవన్ లేబుల్ మీది తండ్రి మొహం వంక చూసి, తల వంచుకున్నాడు. “ఫోన్ చెయ్యన్నా,” అన్నాడు.

పెరుమాళ్సామి గుండె మీంచి బస్తా దించినట్టయింది. ఇళవరసికి ఫోన్ చేశాడు. “అట్లనే ఏసెయ్ పాపా.”

“మామా, మీకని మాల తెచ్చిపెట్టినారు. వస్తారు గదా?”

“నువ్వే ఏసుకో.”

దండలూ ఉపన్యాసాలూ తప్పినందుకు ఆయనకు నిజంగానే హాయిగా ఉంది. కోవిల్‌పట్టికి తిరిగి వెళ్లకుండా, అటునుంచటే నల్లరేగడి పొలాల మధ్యనున్న తన ఊరి బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

అచ్చాఫీసులో యంత్రం తిరుగుతూనే ఉంది. కంప్యూటరు పక్కన తాటాకు పట్టీ పెట్టినచోటే ఉంది. ఇన్నేళ్లుగా బొటనవేలు ఆనీ ఆనీ దాంట్లో ఒక్క మడతే నల్లగా నునుపెక్కింది, ఖాళీని కొలిచే మడత.