చప్పుడు చెయ్యని పెట్టె

"మీ గొంతు చాలా బాగుంది. కానీ వెనకాల విమానం ఎగురుతోంది. రేపు సాయంత్రంలోగా విమానం లేకుండా ఇదే అధ్యాయం మళ్ళీ చదివి పంపితే నవల మీకే ఇస్తాం. లేదంటే ఇంకొకరిని చూసుకుంటాం."

పుస్తకాలు చదివించి వినేవాళ్ళకు అమ్మే కంపెనీ నుంచి వచ్చిందా సందేశం. అనౌన్సరమ్మ వంటగదిలో నిలబడే దాన్ని చదివింది. మొదటి మాట దగ్గర గాల్లో తేలింది, రెండో మాట దగ్గర దబ్బున కిందపడింది, ఆఖరుకొచ్చేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. పొంగితే పొంగనీ అనుకుని మళ్ళీ మొదటి మాట దగ్గరికి వెళ్ళింది.

అనౌన్సరమ్మ అనేది ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరే. మొన్నమొన్నటిదాకా ఆమె బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పేది. ఆ గొంతు వినగానే జనం మూటాముల్లే సర్దుకుని పరుగు తీసేవారు. తర్వాత అక్కడికొక యంత్రం వచ్చింది. దానికి జీతం లేదు, జలుబు చెయ్యదు, సెలవు అడగదు. ఆమెను ఇంటికి పంపేశారు. అప్పటినుంచి నీ గొంతు మాకు కావాలని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇన్నాళ్ళకి అడిగారు. అదీ బస్సు నంబర్లు చెప్పమని కాదు, మనుషుల కథ చదవమని. ఆ నవల ఆమెకు ఎంత కావాలంటే, కావాలని పైకి అనడానికే భయమేసేంత కావాలి.

ఇంతకీ ఆ విమానం మరేదో కాదు, వాళ్ళింటి కంప్యూటరే. ఏదో ఆఫీసు మూసేస్తుంటే భర్త కారుచౌకగా తెచ్చిన బీరువాలాంటి సరుకు. ఆయన లిఫ్టు మెకానిక్. వినబడని మోటారును ఆయన నమ్మడు. ఆ కంప్యూటర్ ఆన్ చేస్తే లోపలి ఫ్యాను హోరుకి బల్ల మీది గ్లాసులో నీళ్ళు వణికేవి. ఆయనకది బలానికి గుర్తు, ఆవిడకది తలనొప్పికి కారణం. ఒకరోజు కరెంటు పోతే ఇన్వర్టర్ దాన్ని మొయ్యలేక కీచుమని కాలిపోయింది కూడా.

"చిన్న కంప్యూటర్లు వచ్చాయటండీ! అరచేతిలో పట్టేంతే ఉంటాయట. కరెంటు కూడా ఓ బల్బుకి అయినంతే అవుతుందట. అస్సలు చప్పుడే చెయ్యవట!" అంది ఆమె ఫోను చూస్తూ. గొంతులో సంబరం దాచుకోవడం ఆమె వల్ల కాలేదు.

"అరచేతిలో పట్టేదాంట్లో ఏం బలం ఉంటుంది?" అన్నాడు భర్త పెదవి విరిచి.

"నీకు బలం కావాల్రా, అమ్మాయికి నిశ్శబ్దం కావాలి. పద, చెప్పులేసుకో," అన్నాడు మామగారు. అనడమేమిటి, అప్పటికే ఆయన చొక్కా తొడిగేసుకున్నాడు కూడా. ఆయన ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. బీరువా తెరిచి స్టెతస్కోపు తీసి మెళ్ళో వేసుకున్నాడు.

"అదెందుకు మామయ్యా?"

"చప్పుడు చేస్తుందో లేదో చెవితో కాక కంటితో చూస్తామా అమ్మా?"

నిజం చెప్పాలంటే, అప్పుడది ఇద్దరికీ బ్రహ్మాండమైన ఆలోచనలాగే అనిపించింది.

కంప్యూటర్ల కొట్టు బజారు మలుపులో ఉంది. పొడుగాటి బల్ల మీద బుల్లి పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. కొన్ని సబ్బుపెట్టెంత, కొన్ని టిఫిన్ డబ్బా అంత. వాటి వెనక పెద్ద తెర మీద రంగురంగుల చేపలు ఈదుతున్నాయి. కొట్టు నడిపే ఆవిడ ఎవరికో బిల్లు రాస్తూ, చూస్తూ ఉండండి వస్తానంది. చూడమంటే మామగారు ఊరుకుంటాడా? స్టెతస్కోపు చెవులకు తగిలించుకుని వరసలో మొదటి పెట్టె మీద బిళ్ళ ఆనించాడు.

"దీనికి ఆయాసం," అన్నాడు. పక్కదానికి జరిగాడు. "పిల్లికూతలు." ఇంకా పక్కకి జరిగాడు. "ఇది వయసులోనే ఉంది కానీ గుండెదడ."

కొట్లో ఉన్నవాళ్ళంతా పని మానేసి ఆయన చుట్టూ చేరారు. ఎవరో ఫోటో కూడా తీశారు. అనౌన్సరమ్మకు సిగ్గుతో ఒళ్ళు కుంచించుకుపోయింది, కానీ ఆ సిగ్గు కంటే ఉత్సాహం ఎక్కువగా ఉంది. అలా ఒక్కోదాన్నీ పరీక్షించుకుంటూ వచ్చి మామగారు చేపల తెర ముందున్న నల్ల పెట్టె దగ్గర ఆగాడు. బిళ్ళ అటు జరిపాడు, ఇటు జరిపాడు. కళ్ళు మూసుకున్నాడు. మొహం వెలిగిపోయింది.

"నిమ్మకు నీరెత్తినట్టుంది! చిన్న సవ్వడి లేదు. అన్ని చేపల్ని ఈదిస్తూ కూడా ఎంత నింపాదిగా ఉందో చూడండి. ఆరోగ్యం అంటే ఇదీ!"

భర్త అట్టపెట్టె మీద రాసింది చదివాడు. ఉన్నవాటన్నిట్లోకీ అదే వేగంగా పనిచేసేదట. ఆయన మొహం కూడా వెలిగింది. బలం కావాలన్నవాడికి బలం, నిశ్శబ్దం కావాలన్నవాళ్ళకి నిశ్శబ్దం. ఇంక ఆలోచించేదేముంది? వెంటనే కొనేశారు. దారి పొడుగునా అనౌన్సరమ్మ ఆ పెట్టెను పసిపిల్లను పట్టుకున్నట్టు గుండెకు హత్తుకునే నడిచింది.

ఇంటికొచ్చి వైర్లన్నీ తగిలించి, తలుపులు మూసి, ఫ్యాన్లు ఆపి, ముగ్గురూ ఊపిరి బిగబట్టి మీట నొక్కారు.

జుయ్‌య్‌య్ అంది పెట్టె.

చెవి దగ్గర దోమ పాడినట్టుంది. కాసేపటికి అదే తగ్గుతుందనుకున్నారు. తగ్గకపోగా శ్రుతి పెంచింది. పాతదాని హోరు కంటే ఇది మరీ దారుణం. దానికైతే అలవాటు పడొచ్చు, దీన్ని చెయ్యి ఊపి తోలాలనిపిస్తుంది.

"కొట్లో బంగారంలా ఉందే!" అన్నాడు మామగారు.

భర్త పెట్టెను తిప్పి చూశాడు. ముందువైపు చిన్న నీలం లైటు వెలుగుతోంది. "నాన్నా, కొట్లో ఈ లైటు వెలిగిందా?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లైటు సంగతి ఒక్కరికీ గుర్తు లేదు. అనౌన్సరమ్మ కొట్టుకి ఫోను చేసింది. అవతల ఆవిడ విషయం విని నవ్వు ఆపుకుంటూ అంది: "అయ్యో అక్కా, చేపలు ఆడేది బల్ల కిందున్న వేరే కంప్యూటర్లోంచి. ఆ నల్లది ఊరికే చూపించడానికి పెట్టాం. దానికసలు వైరే తగిలించలేదు."

మామగారు కుర్చీలో కూలబడ్డాడు. "బతుకంతా ఆసుపత్రిలో పనిచేసి, ప్రాణం లేనిదాన్ని పట్టుకుని ఆరోగ్యంగా ఉందన్నానమ్మా!"

అనౌన్సరమ్మకు నవ్వాగలేదు. కడుపు పట్టుకుని నవ్వింది. భర్తా నవ్వాడు. చివరికి పెద్దాయన కూడా నవ్వాడు. ఆ నవ్వు చల్లారాక మాత్రం ఆమెకు భయం వేసింది. గడువు రేపు సాయంత్రమే. ఈ పెట్టె కూడా తనని బస్టాండు నుంచి పంపేసినట్టే పంపేస్తుందేమోననిపించింది.

మర్నాడు కొట్టు తెరవకముందే ముగ్గురూ వెళ్ళి గుమ్మంలో నిలబడ్డారు. కొట్టావిడ వాళ్ళను చూస్తూనే మొహం నిండా నవ్వింది. "విప్పిన పెట్టె వెనక్కి తీసుకోను అక్కా. కానీ బాబాయి గారి వైద్యం గురించి నిన్నంతా అందరికీ చెప్పి నవ్వించాను, అందుకోసం మారుస్తాను. సరే చెప్పండి, దీంతో మీరు చేసే పనేంటి?"

నిన్న ఎవరూ అడగని ప్రశ్న అది. వీళ్ళు కూడా చెప్పలేదు.

"చదువుతాను. అది రికార్డు చెయ్యాలి. అంతే," అంది అనౌన్సరమ్మ.

"అంతేనా? దానికి ఈ పందెం గుర్రం ఎందుకక్కా?" ఆవిడ అట్టడుగు అరలోంచి బూడిదరంగు పెట్టె ఒకటి తీసి, వైరు తగిలించి ఆన్ చేసింది. ఒంటినిండా లోహపు గీతలు, దువ్వెన పళ్ళలాగా. "దీనికి ఫ్యానే లేదు. వేడెక్కితే ఈ గీతల్లోంచే పోతుంది. ఆటలాడితే నత్తలా నడుస్తుంది. గొంతు రికార్డు చేసుకోవడానికైతే చాలు, ఇంకా మిగులుతుంది. పన్నెండు వోల్టులు చాలు, రాత్రిపూట వేసుకునే చిన్న బల్బంత కరెంటు తాగుతుంది. నిన్నటిదాంట్లో సగం ధర కూడా లేదు."

"దీంతో లిఫ్టులో బటను కూడా వెలగదు," అని భర్త గొణిగాడు. కానీ పన్నెండు వోల్టులన్న మాట చెవినపడ్డాక ఆయన ఆ పెట్టెను ఇంకోసారి, కొంచెం మర్యాదగా చూశాడు.

మామగారు ఈసారి వంగి ముందు లైటు చూశాడు. ఆ తర్వాత వైరు చూశాడు. ఆ వైరు వెంట నడుచుకుంటూ వెళ్ళి గోడకున్న ప్లగ్గు దాకా చూసొచ్చాడు. అప్పుడే చెవి పెట్టాడు. ఏమీ లేదు. అనౌన్సరమ్మ కూడా చెవి ఆనించింది. పెట్టె గోరువెచ్చగా ఉంది, చప్పుడు మాత్రం లేదు. "ఇదే కావాలి," అంది. ఈసారి ఎవరినీ అడగలేదు.

మధ్యాహ్నానికి అంతా సిద్ధమైంది. గోడలకు దుప్పట్లు వేలాడదీశారు. కిటికీ దగ్గర పుస్తకం, పక్కనే మైకు. భర్త పని ఎగ్గొట్టి ఇంట్లోనే ఉన్నాడు. పాత లిఫ్టులోంచి తీసిన చిన్న బ్యాటరీ ఒకటి తెచ్చి దానికి కంప్యూటర్ తగిలించాడు. ఎందుకని అడిగితే ఊరికే అన్నాడు. పన్నెండు వోల్టుల వస్తువు చేతికి దొరికాక దానికొక బ్యాటరీ తగిలించకుండా ఆయన నిద్రపోలేడు.

అసలు తమాషా అప్పుడు మొదలైంది. ఇంట్లో హోరు పోయాక వీధి వీధంతా ఇంట్లోకి వచ్చేసింది. కింద వెల్డింగు కొట్టు చిరచిర. పక్కింటి కుట్టుమిషను. మేడ మీద నీళ్ళ మోటారు. ఎదురింట్లో టీవీ. ఇన్నాళ్ళూ ఇవన్నీ ఎక్కడున్నాయో! ఆమె పేజీ దాటకముందే మోటారు, అది ఆగితే వెల్డింగు. మొదలుపెట్టడం, ఆగడం, మళ్ళీ మొదలుపెట్టడం. గొంతు ఎండిపోయింది. ఎండ కిటికీ దిగి గోడెక్కుతోంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంక నా వల్ల కాదండీ," అంది. అని కూడా, మీట నొక్కి మళ్ళీ మొదటి వాక్యం అందుకుంది.

ఠప్‌మని తెర నల్లబడింది. కరెంటు పోయింది.

వీధి మొత్తం ఒక్కసారిగా ఉసూరుమంది. అనౌన్సరమ్మ పుస్తకం మూసి లేవబోయింది. అప్పుడు చూసింది, భర్త చేతులు రెండూ గాల్లో ఊపుతూ గంతులేస్తున్నాడు. నోరు తెరుస్తున్నాడు కానీ మాట బయటికి రానివ్వడం లేదు. ఒక చేత్తో నోరు మూసుకుని రెండో చేత్తో కింద చూపించాడు.

బూడిదరంగు పెట్టె మీద చిన్న లైటు వెలుగుతూనే ఉంది.

తెర చచ్చింది కానీ పెట్టె బతికే ఉంది! వింటూనే ఉంది! వెల్డింగు లేదు, మోటారు లేదు, కుట్టుమిషను లేదు, టీవీ లేదు. వీధికి వీధే నోరు మూసుకుని ఆమె కోసం కూర్చున్నట్టుంది. ఆమె గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, అదెక్కడ మైకులో పడుతుందోనని భయపడింది. తప్పు చదివితే ఆపి దిద్దుకోవడానికి తెర లేదు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. ఒక్క గుక్కలో అధ్యాయమంతా గట్టెక్కాలి.

పుస్తకం తెరిచింది. చదివింది.

మొదట కొంచెం తొందరపడింది. తర్వాత కథలోకి దిగిపోయింది. అలిగిన తల్లి దగ్గర అలిగింది, దారి తప్పిన మనిషి దగ్గర తడబడకుండా తడబాటును వినిపించింది. మెల్లగా చెప్పాల్సింది మెల్లగా చెప్పింది. బస్టాండులో ఎన్నడూ మెల్లగా మాట్లాడి ఎరగదు, అక్కడ ఎప్పుడూ అరవడమే. తనకింత మెత్తటి గొంతుందని ఆమెకే తెలియదు. ఆఖరి వాక్యం దాటింది. పుస్తకం మూసింది.

అయినా ఎవరూ కదల్లేదు. తెర లేకుండా రికార్డింగు ఎలా ఆపాలో ఒక్కరికీ తెలియదు, మీట నొక్కితే అంతా పోతుందేమోనని భయం. ముగ్గురూ బొమ్మల్లా కూర్చున్నారు. మామగారికి తుమ్ము వచ్చింది. ముక్కు పట్టుకుని, మొహం ఎర్రగా చేసుకుని, దాన్ని అలాగే మింగాడు. భర్త నవ్వొచ్చి తలగడలో మొహం దాచుకున్నాడు.

కరెంటు వచ్చింది. తెర వెలిగింది. రికార్డింగు గీత ఇంకా పరుగెడుతూనే ఉంది. పైన మోటారు గుర్రుమంది, కింద వెల్డింగు చిరచిరలాడింది, మామగారు దాచుకున్న తుమ్మునీ దానికి తోడు ఇంకో రెండింటినీ తుమ్మాడు. అనౌన్సరమ్మ అధ్యాయం వరకూ కత్తిరించి పంపేసింది. సూర్యుడింకా దిగలేదు.

జవాబు టీ తాగుతుండగా వచ్చింది. ఆమె తెరిచింది, చూసింది. గ్లాసు కింద పెట్టింది.

"ఏమన్నారే?" అన్నాడు భర్త లేచి నిలబడి.

ఆమె ఫోను మామగారికి అందించింది. ఆయన దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి తిరిగి ఇచ్చేశాడు. "నాకు కనిపించి చావదు. నువ్వే చదువమ్మా."

ఆమె చదివింది. "నవల మీకే. రేపే మొదలుపెట్టండి. ఇంత ప్రశాంతంగా ఉన్న గొంతు మేం ఈమధ్య వినలేదు. మీరు చదివింది ఏ స్టూడియోలోనో చెప్పగలరా? మా మిగతావాళ్ళని కూడా అక్కడికే పంపుతాం."

మొదటి మాట దగ్గర గొంతు బొంగురుపోయింది. ప్రశాంతం అన్న మాట దగ్గర పూర్తిగా విరిగిపోయింది. స్టూడియో అన్న మాటకు నవ్వూ ఏడుపూ కలిసిపోయి సగం అక్షరాలు మింగేసింది. బస్టాండులో అలా చదివితే బస్సులన్నీ తప్పిపోయేవి.

పెద్దాయన కళ్ళు తుడుచుకుని కుర్చీలో సర్దుకు కూర్చున్నాడు.

"సరిగ్గా వినబడలేదు," అన్నాడు. "ఇంకోసారి చదువమ్మా."