కొట్టం దాకా వచ్చిన నీళ్ళు

రెండు చేతులా బకెట్లు పట్టుకుని రగ్నా వంటింటి మెట్లెక్కుతుంటే లోపలినుంచి అత్తగారు బెర్టినా, "మెల్లిగా అమ్మాయ్, నేలంతా తడుపుతావు. ఇప్పుడే తుడిచాను" అంది. నేల గురించి ఆవిడకున్న బెంగలో పావు వంతు కోడలి నడుము గురించి ఉంటే బాగుండుననుకుంది రగ్నా. పైకి అనలేదు. ఈ ఇంట్లో ఆమె అనుకున్నవి ఒక ఎత్తు, అన్నవి ఒక ఎత్తు. అన్నవి చాలా తక్కువ.

రేపు తమ పొలంలో ఓట్స్ పంట నూరుస్తారని సాయంత్రమే కబురొచ్చింది. అమెరికాలోని అయోవాలో ఆ వైపు పొలాలవాళ్ళందరికీ కలిపి నూర్పిడి యంత్రం ఒక్కటే. అది నీల్స్ బాబాయిది. ఆవిరి ఇంజను దాన్ని ఈడ్చుకుంటూ ఇంటింటికీ వరసగా వస్తుంది, వెంట ఊళ్ళో మగవాళ్ళంతా వస్తారు. ఎవరి పొలంలో యంత్రం ఆగితే ఆ ఇంటి ఆడది అందరికీ వండిపెట్టాలి. మర్నాడు పక్క పొలంలో ఆ భోజనం గురించే మాట్లాడుకుంటారు. ఫలానావిడ రొట్టె గట్టిపడిందని పదేళ్ళ తర్వాత కూడా చెప్పుకుని నవ్వుతారు. మగవాళ్ళ జ్ఞాపకశక్తి అంతా అక్కడే పనిచేస్తుంది.

వంటకు రగ్నా భయపడదు. ఆమె భయమంతా నీళ్ళకి. బంగాళాదుంపలకి నీళ్ళు, కాఫీకి నీళ్ళు, గిన్నెలకి నీళ్ళు. అన్నిటికంటే ముందు, ఒంటినిండా పొట్టుతో వచ్చే అంతమంది మొహాలు కడుక్కోవడానికి గుమ్మం పక్క బల్లమీద బేసిన్లనిండా నీళ్ళు. పోయినేడు అవన్నీ ఆమే మోసింది. రెండో రోజు మధ్యాహ్నం చెర్రీ పళ్ళతో కాల్చిన పైలు కోసి పంచుతుండగా నడుములో నొప్పి మొదలైంది. నవ్వుతూనే పంచింది. ఆఖరి ముక్క ఎవరికో పెట్టి లోపలికెళ్ళి మంచంమీద పడింది. పొద్దుగూకేసరికి కడుపులో బిడ్డ పోయింది. బరువులు మోయొద్దని డాక్టరు ముందే చెప్పాడు. భర్త హల్వోర్ మంచం పక్కన కూర్చుని చాలాసేపు టోపీ తిప్పుకుంటూ, "దేవుడివ్వలేదు, ఏం చేస్తాం" అన్నాడు. దేవుడెప్పుడు బకెట్లు పట్టించాడో ఆమెకి అర్థం కాలేదు. బెర్టినా మటుకు, "నేను నలుగుర్ని కన్నాను, ఆ బావి దగ్గర్నుంచే మోశాను" అంది. ఆవిడ మోసిందన్నది నిజమే. అందుకే రగ్నాకి ఇంకా భయం వేసింది. ఇక్కడ నొప్పి కూడా అత్తనుంచి కోడలికి వచ్చే వస్తువే కాబోలు.

ఈ వసంతంలో హల్వోర్ గాలిమర దగ్గర్నుంచి ఆవుల కొట్టందాకా నీళ్ళ గొట్టం వేయించాడు. వ్యవసాయ పత్రికలో చూశాడట, ఆవులు ఎన్ని నీళ్ళు తాగితే అన్ని పాలిస్తాయని. కందకం తవ్వుతుంటే ఆమె వంటింటి మెట్లమీద నిలబడి చూసింది. అది ఆ మెట్ల పక్కనుంచే పోయింది, ఆమె చెయ్యి చాపితే అందేంత దగ్గర్నుంచి. ఇక్కడో కొళాయి పెట్టించమని అడిగింది. "వచ్చే ఏడు చూద్దాంలే, ముందు పాలు" అన్నాడు. మళ్ళీ ఆమె మొహం చూసి, "ఇప్పుడు బావి దాకా పోనక్కర్లేదుగా, కొట్టం దగ్గర పట్టుకో. నీకూ సుఖమేగా" అని నవ్వాడు. మనిషి చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే కోపం తెచ్చుకోవడం ఎంత తేలిక.

ఇప్పుడు మళ్ళీ నాలుగో నెల. పొద్దున లేవగానే చెయ్యి పొట్టమీదికి పోతుంది. అన్నీ సరిగానే ఉన్నాయా అని తడుముకుంటుంది. కొంచెం వాంతి వస్తే సంతోషిస్తుంది, రాకపోతే బెంగపడుతుంది. ఆ సాయంత్రం కబురు రాగానే హల్వోర్‌ని అడిగింది, పొద్దున్నే పీపాలు నింపిపెట్టమని. అతను విసుక్కోలేదు, జాలిగా చెప్పాడు.

"నేనెలా వస్తాను రగ్నా? ఇంజనుకి నీళ్ళబండి తోలేది నేనే కదా. బాయిలరు ఎండిందంటే పేలిపోతుంది. దానికి రెండు గుర్రాలు, ఒక మనిషి ఉండాల్సిందే."

ఆ మాట అన్నది అతనే, అందులో ఏముందో విన్నది మాత్రం ఆమె ఒక్కతే.

మర్నాడు పొద్దున మొదటి జత బకెట్లు మోసి మెట్లెక్కేసరికి నడుములో సన్నగా ఏదో లాగింది. బకెట్లు దించి తలుపు పట్టుకుని నిలబడింది. కాసేపటికి తగ్గింది. అది నొప్పో, నొప్పి వస్తుందన్న భయమో తెలియలేదు. తెలిసేదాకా ఆగితే పోయినేడులాగే అవుతుందని మాత్రం తెలిసింది.

సాయానికి వచ్చిన పక్క పొలం పెట్రా వదిన ఏప్రాను కట్టుకుంటుంటే రగ్నా ఆమెతో చెప్పింది, వంట కొట్టం దగ్గరకి మారుస్తున్నామని. పందుల్ని కోశాక వేణ్ణీళ్ళలో ముంచే పెద్ద కడాయి అక్కడే ఉంది, శుభ్రంగా తోమి అందులోనే దుంపలు ఉడకేద్దాం, కాఫీ కాద్దాం, బల్లలు కూడా అక్కడే వేద్దాం అంది. పెట్రా ఆమె మొహంకేసి చూసి బల్ల ఒక కొస పట్టుకుంది. ఆ తర్వాత రగ్నాని ఎత్తనివ్వకుండా రెండో కొస కూడా తనే పట్టుకుంది.

బెర్టినా బయటికొచ్చి చూసింది. "పేడకంపులో అన్నం పెడతావా? ఊరంతా మొహాన ఉమ్మేస్తుంది" అంది. రగ్నా కడాయి కింద మంట ఎగదోసింది. ఊరు ఉమ్మేస్తుందన్న భయం ఆమెకీ ఉంది. కానీ ఈసారి దానికంటే పెద్ద భయం ఒకటి లోపల ఉంది.

మధ్యాహ్నం ఇంజను ఈల వేసింది. మగవాళ్ళు అలవాటుగా వంటింటి గుమ్మందగ్గరికే వెళ్ళారు. అక్కడ బేసిన్లు బోర్లించి ఉన్నాయి. అటూ ఇటూ చూసుకుని, పొగ వస్తున్నవైపు నడిచారు. కొట్టం కొళాయి కింద వరసగా మొహాలు కడుక్కున్నారు. దూడ ఒకటి తలుపుమీదుగా మెడ చాచి నీల్స్ బాబాయి టోపీ నాకింది. ఎవరో నవ్వి ఆపుకున్నారు. నీళ్ళబండి దిగి వచ్చిన హల్వోర్ మొహం కందగడ్డలా ఉంది. "ఏమిటిది? లోపలికి పద, మాట్లాడదాం" అన్నాడు గొంతు తగ్గించి.

నీల్స్ బాబాయి కూర్చుంటూ, "ఇక్కడ వేశావేంటమ్మా బల్లలు?" అని మామూలుగానే అడిగాడు.

"నీళ్ళు ఇక్కడిదాకానే వస్తాయి బాబాయ్. ఇంట్లోకి నేనే మోయాలి. పోయినేడు మీ అందరికీ నీళ్ళు మోసిన రోజునే నాకు బిడ్డ పోయింది. ఇప్పుడు మళ్ళీ నాలుగో నెల. ఇక మోయను."

మగవాళ్ళ ముందు అనకూడని మాటలు అన్నీ ఒక్కసారే అనేసింది. దుంపలమీద ఆవిరి లేస్తోంది. ఎవరూ గరిటె ముట్టుకోలేదు. పెట్రా వదిన ఏప్రానుతో కళ్ళు ఒత్తుకుంది. బెర్టినా కాఫీ కూజా పట్టుకుని అలాగే ఉండిపోయింది, ఆవిడ ఎటు చూస్తోందో తెలియలేదు.

నూర్పిడి భోజనంలో ఆడవాళ్ళు ఆఖర్న, మిగిలింది తింటారు. రగ్నా బల్ల చివర కొంచెం చోటు చూసుకుని మగవాళ్ళ మధ్యనే కూర్చుంది. కంచంలో దుంపలు వేసుకుంది, రొట్టె తుంచుకుంది.

"హల్వోర్, నాకు ఒక గ్లాసు నీళ్ళు తెచ్చిపెట్టు" అంది. అతను కదిలాడో లేదో తలెత్తి చూడకుండా తినడం మొదలుపెట్టింది.