అధ్యక్షత వహించిన తువ్వాలు

నేను ఒక తెల్లని టర్కీ తువ్వాలును. ఒళ్లు తుడవడానికే పుట్టినా చాలాకాలం పాటు తడి ఒంటిని తాకిన పాపాన పోలేదు. మిల్లులో నాతోపాటు పుట్టినవాళ్లంతా హాస్టళ్లకూ ఆసుపత్రులకూ పోయారు. నేను మాత్రం తిన్నగా ఒక విశ్వవిద్యాలయ ఉపకులపతి గారి కుర్చీ ఎక్కాను. కుర్చీకి తువ్వాలు లేకపోతే అందులో కూర్చున్నాయన పెద్దవాడని మనవాళ్లకు నమ్మకం కుదరదు మరి.

మొదటి ఉపకులపతి గారు తన తలనూనె నాకు ధారాళంగా పంచి పదవీ విరమణ చేశారు. ప్యూను నూకరాజు నన్ను బాగా ఉతికి, తరువాత వచ్చిన త్రివిక్రమరావు గారికి అప్పగించాడు. ఈయన మహా పండితుడు. విశ్వవిద్యాలయాల స్వయంప్రతిపత్తి మీద దిండంత పుస్తకం రాశారు. రాజధాని నుంచి విద్యాశాఖ కార్యదర్శి గారు వచ్చినప్పుడల్లా మాత్రం గభాలున లేచి, తన కుర్చీ ఆయనకిచ్చి, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒదిగి కూర్చునేవారు.

ఇలా ఉండగా సువార్త అనే పరిశోధక విద్యార్థిని తన ఊరి బావుల నీళ్లను ఏళ్ల తరబడి పరీక్షించి సిద్ధాంత గ్రంథం రాసింది. ఆ ఊరి పక్కనే రంగుల ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ యజమాని రాజధానికి వెళ్లి మొర పెట్టుకున్నాడు. గ్రంథాన్ని సమర్పించనివ్వాలా వద్దా అని పాలకమండలి సమావేశం పెట్టారు. కార్యదర్శి గారు స్వయంగా వస్తానన్నారు. ఆయన కోసం పెద్ద కుర్చీ ఖాళీగా ఉంచి, అందరూ బిస్కెట్లు తింటూ ఎదురుచూశారు.

ఆయన రాలేదు, ఫోన్ చేశారు. "నాకు కుదరదండీ. అయినా మీది స్వయంప్రతిపత్తి ఉన్న సంస్థ. నేనెందుకు? మీరే నిర్ణయించుకోండి."

త్రివిక్రమరావు గారి ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"కోపం వచ్చినట్టుందండీ," అన్నారు రిజిస్ట్రారు. "మీరే చూసుకోండి అన్నారంటే, తరువాత మన సంగతి ఆయన చూసుకుంటారనే కదా!"

"మళ్లీ ఫోన్ చేసి, ఏమని నిర్ణయించుకోమంటారో కనుక్కుంటే?" అన్నారొక వృద్ధ ఆచార్యులు.

అంత ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఖాళీ కుర్చీలో కూర్చునే ధైర్యం అంతకన్నా లేదు. అందరూ నా వైపు తిరిగి, నాకే విన్నవించుకుంటూ మాట్లాడారు. అలా ఆ సభకు అధ్యక్షత వహించింది నేనే. నేను ఎవరి మాటకూ అడ్డు చెప్పలేదు, అందుకు అందరూ చాలా సంతోషించారు.

సువార్తకు గైడు అనసూయాదేవి గారు మాత్రం లేచి నిలబడ్డారు. "సార్, కుర్చీ మీదే. కూర్చుని ఒక్క మాట చెప్పండి. ఆ అమ్మాయి పరీక్షించింది నీళ్లను. ప్రభుత్వాన్ని కాదు."

"నాకూ ఇష్టమేనమ్మా," అన్నారు త్రివిక్రమరావు గారు. "కానీ మన స్వయంప్రతిపత్తిని ఇలాంటి చిన్నవాటికి వాడేసుకుంటే, రేపు నిజంగా అవసరం వచ్చినప్పుడు ఏం మిగులుతుంది?"

గ్రంథాన్ని తిరస్కరించారు. అమ్మాయి నష్టపోకూడదని దయతలచి, ఆ ప్రాంతపు పెళ్లిపాటల్లో బావుల వర్ణన మీద పరిశోధన చేసుకోవచ్చని సూచించారు. ఈ నిర్ణయం సంపూర్ణ స్వేచ్ఛతో తీసుకున్నదని తీర్మానం చివర్లో రాసుకున్నారు.

అనసూయాదేవి గారు విసురుగా వచ్చి నన్ను కుర్చీ మీంచి లాగేశారు. నా కింద పాత రెగ్జిన్ తప్ప ఏమీ లేదు. అయినా ఎవరూ కూర్చోలేదు. ఆవిడ నన్ను చేతిలో పట్టుకునే వరండాలోకి వచ్చేశారు. అక్కడ సువార్త నిలబడి ఉంది.

"వద్దన్నారేటి మేడమ్?"

ఆవిడ అవునన్నట్టు తలూపారు.

"మా అమ్మకేటి సెప్పాల? ఆ నీలు తాగొచ్చో లేదో గట్టిగా సెప్తానని మాటిచ్చి వచ్చినాను."

పిల్ల కళ్లు తుడుచుకోవడానికి నన్నే ఇచ్చారు. నా జన్మలో నేను చేసిన మొదటి పని అది. సాయంత్రానికల్లా కుర్చీకి ఇంకో తువ్వాలు వచ్చిందని విన్నాను.

ఇప్పుడు నేను సువార్త వాళ్ల ఇంట్లో ఉన్నాను. ఆమె తల్లి నన్ను మడతలు పెట్టి బిందె మూతికి కట్టి, బావి నీళ్లు వడకడుతుంది. మట్టి నా దగ్గర ఆగుతుంది, నలకలు ఆగుతాయి. రంగు మాత్రం దిగిపోతుంది. సువార్త రోజూ తాగొద్దనే అంటుంది.

"మరేటి తాగమంతావే?" అని తల్లి గ్లాసు ముంచుకుంటుంది.