మొదలంటా కోసిన చెట్లు

నా బామ్మర్దికి యాభై దాటాయి. మీసం నెరిసింది. అయినా అందరూ వాణ్ణి బుజ్జి అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది వాడి అక్క, అంటే నా భార్య. ఆమెతో పాటే ఆ పేరు కూడా పోవాల్సింది. పోలేదు.

ఆమె పోయి ఏడాది దాటింది. అప్పటినుంచి బుజ్జి నా గడప తొక్కలేదు. నేను తొక్కనివ్వలేదు.

గొడవ దారి గురించి. మా ఇంటికి రెండు దారులు. ముందు వైపు కాలువ మీద చిన్న వంతెన. మనిషి నడవచ్చు, మోటారు సైకిలు పడుతుంది, అంతకన్నా వెడల్పుది పట్టదు. వెనక వైపు బండి దారి. రోడ్డు దగ్గర మొదలై మా పెరటి తలుపు దగ్గర ఆగుతుంది. పశువులు ఉన్నంతకాలం ఆ దారి బాగానే ఉండేది. పశువుల్ని అమ్మేశాక అటు నడిచేవాడు లేడు. తుమ్మ మొలిచింది. ముందు చీపురుపుల్లంత, తర్వాత మణికట్టంత, ఆ తర్వాత తొడంత. వాటి మధ్య ముళ్ల తుప్పలు అల్లుకున్నాయి. పిల్లి కూడా ఒకసారి ఆలోచించుకుని దూరేది.

ఆమెకు గుండె జబ్బని తేలాక దారి తీయాలనుకున్నాను. మాకో చిన్న ట్రాక్టరు ఉంది, ముందు బకెట్టు ఉన్నది. బుజ్జీ నేనూ కలిసి కొన్నాం. వాడి ఇల్లు రోడ్డు మీదే కాబట్టి వాడి షెడ్డులోనే ఉండేది, తాళమూ వాడి దగ్గరే.

"ఈ ఆదివారం తెస్తా బావా" అనేవాడు.

ఆదివారం వచ్చేది. బుజ్జి వచ్చేవాడు కాదు. ఇంకో ఆదివారం అనేవాడు. ఈలోగా వానలు వెనకబట్టి నేల గట్టిపడింది. "ఇప్పుడు లాగితే విరుగుతాయి బావా, వేరు రాదు. ఓ వాన పడనీ" అన్నాడు. అదీ నిజమే. అబద్ధం ఆడదల్చుకున్నవాడికి నిజాలు బాగా పనికొస్తాయి.

ఇంకెవరి ట్రాక్టరైనా పిలుద్దామన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "మన ట్రాక్టరు షెడ్డులో పెట్టుకుని ఎవరినో పిలుస్తావా? నవ్వుతారు. బుజ్జి వస్తాడులే" అంది. తమ్ముణ్ణి ఎప్పుడూ వెనకేసుకొచ్చేది. ఊరుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆమె పొయ్యి దగ్గరే కూలబడిపోయింది. ఆంబులెన్సు వంతెన అవతల ఆగిపోయింది. డ్రైవరూ నేనూ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మోశాం. కుర్చీ కోడు ఒకటి వదులు. వంతెన మీద రెండుసార్లు దించాల్సి వచ్చింది. బండిలోకి ఎక్కించేసరికి ఆమె కళ్లు నా వైపు లేవు.

ఆలస్యం వల్ల పోయిందని డాక్టరు అనలేదు. నేను అన్నాను. ఆస్పత్రి వరండాలో, అందరూ వింటుండగా, బుజ్జి మొహం మీదే అన్నాను.

ఈ ఏడు తొలి వాన గట్టిగా పడింది. నేల లోతుగా నానింది. దారి తీయాల్సిందే అనుకున్నాను. బుజ్జికి ఫోన్ చెయ్యను కాబట్టి మెకానిక్కు దుకాణానికి వెళ్లి కబురు పెట్టాను. శనివారం ట్రాక్టరు కావాలి, మనిషి అక్కర్లేదు, అని.

"ఉన్నది మీరొక్కరు. మీకా వంతెన చాలదా అండీ?" అన్నాడు మెకానిక్కు.

"నేనూ ఒకరోజు బయల్దేరాలిగా. కుర్చీలో మాత్రం రాను."

"ఆంబులెన్సుకి ఫోన్ ఎవరు చేస్తారు మరి?"

వాడు స్పానరు కోసం వెతకడం మొదలుపెట్టాడు. స్పానరు వాడి చేతిలోనే ఉంది.

శుక్రవారం గొలుసుకు కొత్త కొక్కెం కోసం పట్నం వెళ్లాను. తిరిగి వచ్చేసరికి పొద్దుపోయింది. శనివారం పొద్దున మిషను మోతకు లేచి పెరటి తలుపు తీశాను. ఎదురుగా ఆకాశం. ఎన్నేళ్లుగానో ఆ తలుపులోంచి ఆకాశం కనిపించలేదు. దారి పొడుగునా చెట్లన్నీ పడి ఉన్నాయి. కొమ్మలు రెండు పక్కలకూ నెట్టేసి ఉన్నాయి. మధ్యలో ట్రాక్టరు, దాని మీద బుజ్జి. కాళ్ల దగ్గర చెట్లు కోసే మిషను. మీసం నిండా రంపం పొట్టు.

"నిన్న నువ్వు లేనప్పుడు మొదలెట్టా బావా. పొద్దునే వచ్చి మిగతావి కూడా లేపేశా" అన్నాడు. నవ్వుతున్నాడు. "ఇంక నీకు పనే లేదు."

దిగి నడిచాను. ఒక మొదలు దగ్గర ఆగాను. తర్వాత ఇంకోటి. అన్నీ నేలకు సమంగా కోసేశాడు. కాలితో తడిమితే తప్ప ఎక్కడుందో తెలియనంత నున్నగా.

"ఎవడు కొయ్యమన్నాడురా?"

"అదేంటి? చెట్లు తియ్యాలన్నావుగా."

"చెట్లు తియ్యాలన్నాను, గొరగమనలేదు. గొలుసు దేనికి కట్టాలిప్పుడు? నీ మీసానికా?"

వాడు మీసం తుడుచుకున్నాడు.

తుమ్మని ఎప్పుడూ నడుమెత్తు ఉంచి కోస్తారు. ఆ మోడుకు గొలుసు చుట్టి, కింది గేరులో నెమ్మదిగా లాగితే, దాని పొడుగే గునపంలా పనిచేసి వేరును పెళ్లగిస్తుంది. మొదలంటా కోస్తే పట్టుకోడానికి ఏమీ ఉండదు. వేరు లోపలే ఉంటుంది. నెల తిరిగేసరికి ఒక్క కాండం ఉన్నచోట గుప్పెడు పిలకలు లేస్తాయి. చిన్నప్పుడు బళ్లో చెప్పకపోయినా ఇది అందరికీ తెలుసు. షెడ్డులో ట్రాక్టరు పెట్టుకున్నవాడికి తెలియదు.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు.

"తవ్వాలి. ఒక్కోదాని చుట్టూ."

"నేను తవ్వుతా."

"మరి నేనా?"

గునపం, పార వాడికిచ్చాను. వాడు చుట్టూ మట్టి తీసి, పక్క వేర్లు నరికి, తల్లివేరు మెడ కనపడ్డాక గొలుసు చుడతాడు. నేను లాగుతాను. కొన్నిటికి బకెట్టు అంచు కింద దోపి ఎత్తితే చాలు. పెద్దవి మొరాయించాయి. గొలుసు జారి వాటి మెడ మీది బెరడు మాత్రం ఊడొచ్చేది. మళ్లీ తవ్వు, మళ్లీ చుట్టు. అటు చివర మొదలైన పని, ఎండ నెత్తి మీదికి వచ్చినా దారి సగానికి రాలేదు.

మా మధ్య మాటలు రెండే. "ఊ" అంటే లాగమని. "ఆగాగు" అంటే ఆగమని.

"గొలుసు పక్కన నిలబడకు" అన్నాను ఒకసారి.

"నా మీద అంత ప్రేమేంటి బావా?"

"తెగిందంటే నీ తల ఏరుకోవాల్సింది నేనే. నాకు నడుం నొప్పి."

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. వాడు నవ్వడం ఆపాడు.

మధ్యాహ్నం వాడు కొమ్మల నీడలో కూర్చుని తెచ్చుకున్న డబ్బా విప్పాడు. నా వైపు జరిపాడు. నేను ఇంట్లోకి వెళ్లి నా ముద్ద నేను తిని వచ్చాను. అప్పటికి వాడు పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి తలుపులోంచి లోపలికి చూస్తున్నాడు. నన్ను చూసి పక్కకు తప్పుకున్నాడు.

"ఆ గడియారం ఆగిపోయిందా బావా?"

"ఆగితే ఆగింది."

అసలు పెద్దది ఇంటికి దగ్గర్లో ఉంది. నా తొడంత లావు. బుజ్జి దాని చుట్టూ మోకాలి లోతు తవ్వాడు. చొక్కా విప్పేశాడు. చెమటతో ఒళ్లంతా మట్టి. గొలుసు చుట్టి, రెండో కొస ట్రాక్టరుకు తగిలించి "ఊ" అన్నాడు. నేను వెనక్కి చూసుకోలేదు. పొద్దున్నుంచి వాడు సరిగానే తగిలిస్తున్నాడు.

గొలుసు బిగిసింది. వేరు కదల్లేదు. కొంచెం వేగం పెంచాను. ట్రాక్టరు ముందు భాగం తేలికైంది. స్టీరింగు చేతిలో ఖాళీగా తిరిగింది. బకెట్టు నా కళ్ల ముందు పైకి లేస్తోంది. క్లచ్చు తొక్కాను. ముందు చక్రాలు దభీమని నేల మీద పడ్డాయి. నా పళ్లు ఒకదానికొకటి కొట్టుకున్నాయి.

ఇంజను ఆపి దిగాను. గొలుసు ఎప్పుడూ తగిలించే కింది కడ్డీకి లేదు. సీటు వెనక పైపిన్నుకు ఉంది. అక్కడ తగిలిస్తే, చెట్టు రానప్పుడు ట్రాక్టరే చెట్టు వైపు తిరగబడుతుంది. నడిపేవాడు కింద ఉంటాడు.

"కింద మట్టి నిండిపోయింది, కొక్కెం పట్టలేదు... పైన అయితే ఏముందిలే అనుకున్నా..." బుజ్జి పెదాలు తెల్లబడ్డాయి.

"అక్క అయిపోయింది. ఇక నా వంతా?" అన్నాను.

ఆ మాట అన్నందుకు నేను బాధపడలేదు. ఇప్పుడూ పడడం లేదు.

బుజ్జి గుంత అంచున కూర్చున్నాడు. చేతిలో మట్టిగడ్డని చిదుపుతున్నాడు.

"అక్క వద్దంది బావా."

"ఏం వద్దంది?"

"దారి. తియ్యొద్దంది."

నేను గొలుసు విప్పుతున్నాను. విప్పడం ఆపలేదు.

"నువ్వు మందులకి వెళ్లినప్పుడు నన్ను పిలిచింది. ఒరే బుజ్జీ, దారి తీస్తే మీ బావ చీటికీ మాటికీ నన్ను బండెక్కించి ఆస్పత్రిలో పడేస్తాడు. ఆ గొట్టాలూ, ఆ మంచం, ఆ వాసనా నావల్ల కాదురా. ఇంకెన్నాళ్లుంటే అన్నాళ్లు నా ఇంట్లో ఉంటా. ఆయనకి చెబితే అరుస్తాడు, వినడు. నువ్వే ఏదో ఒకటి చెప్పి జరుపుతూ ఉండు, అంది. నీకు చెప్పనని మాట తీసుకుంది."

"అబద్ధం."

"సరే, అబద్ధం."

"చచ్చినదాని మీద తోస్తున్నావు."

"వరండాలో నువ్వు నన్నంతమందిలో అన్నప్పుడే తొయ్యొచ్చు కదా బావా. ఏడాదిపాటు ఎందుకు పడ్డాను?"

ఆమె మాట ఒకటి చెవిలో పడింది. మన ట్రాక్టరు పెట్టుకుని ఎవరినో పిలుస్తావా. నవ్వుతారు. ఆమె ఏనాడూ ఎవరి నవ్వునూ లెక్కచేసిన మనిషి కాదు. అప్పుడే నాకు తట్టి ఉండాల్సింది. అప్పుడు తట్టలేదు, ఇప్పుడు తట్టింది.

గొలుసు కింది కడ్డీకి నేనే తగిలించాను. "ఇటు నుంచి ఇంకో జానెడు తవ్వు" అన్నాను. వాడు లేచి తవ్వాడు. ఈసారి వేరు వచ్చింది. నేలలోంచి నిట్టూర్చినట్టు శబ్దం చేసి, మట్టి రాల్చుకుంటూ వచ్చింది. దాని వెనక ఇంకో నాలుగైదు చిన్నవి. అవి బకెట్టుతోనే లేచాయి. తుప్పల్ని కుప్పగా నెట్టాను. ఎండ పడమటికి వాలేసరికి దారి తెరుచుకుంది. గుంతలు గుంతలుగా, కానీ తెరుచుకుంది.

ఏడాదిగా నాకో పని ఉండేది. పొద్దున లేస్తే బుజ్జిని తిట్టుకునేవాణ్ణి. అన్నం కలుపుకుంటూ తిట్టుకునేవాణ్ణి. ఆ పని మీదే రోజు గడిచేది. ఆ ఇంట్లో నాతోపాటు ఇంకొకడున్నట్టే ఉండేది. ఇప్పుడు వాణ్ణి దేనికని తిట్టుకోవాలి? మిగిలింది ఆమె. ఆమెను తిడదామంటే నోరు రాదు.

బుజ్జి పెరటి కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. మొహం కడుక్కున్నాడు. చొక్కా తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకున్నాడు. గుమ్మం మెట్టు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇప్పుడైనా లోపలికి రానా బావా?"

ఎంతో సూటిగా అడిగాడు. నలభై ఏళ్లుగా చూస్తున్నాను, వాడు దేన్నీ సూటిగా అడిగినవాడు కాదు.

"నీకు చెప్పింది. నాకు చెప్పలేదు" అన్నాను.

"చెబితే వినేవాడివా?"

"వినను."

"మరి?"

"వినకపోయినా నాకే చెప్పాలి."

"అది అక్క తప్పు. నాదేముంది అందులో?"

"నువ్వు విన్నావు."

వాడు బద్ధకంతో రాకపోయి ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు, ముసలితనంలోనో, జ్వరంలోనో, క్షమించేవాణ్ణేమో. మూడు ముళ్లు వేసిన నన్ను పక్కనపెట్టి ఆమె తన చావు గురించి మాట్లాడింది వీడితో. వీడు మాటకు నిలబడ్డాడు. దాన్ని నేనెక్కడ పెట్టుకోను?

"మంచినీళ్లన్నా ఇస్తావా?"

లోటా తెచ్చి గోడ మీద పెట్టాను. వాడు నిలబడే తాగాడు. లోటా కడిగి గోడ మీద బోర్లించాడు.

"గుంతలు పూడ్చాలిగా. ట్రాక్టరు ఉంచెయ్యనా?"

"ఉంచు."

తాళం సీటు మీద పెట్టి, మిషను భుజానికెత్తుకుని బయల్దేరాడు. ఇదివరకైతే నాలుగడుగుల్లో తుప్పల చాటయ్యేవాడు. ఇప్పుడు చాటు లేదు. గుంతలు తప్పించుకుంటూ, ఒకచోట తూలి సర్దుకుంటూ, దారి పొడుగునా వాడి వీపు కనిపిస్తూనే ఉంది. అంత దూరం ఒక మనిషి వెళ్లడం నేను ఈ మధ్యకాలంలో చూడలేదు.

రోడ్డెక్కాక వెనక్కి తిరిగాడు. అక్కణ్ణుంచి నా తలుపు కనిపిస్తుంది. తలుపులో నేనూ కనిపిస్తాను. వాడు చెయ్యి ఎత్తలేదు, పిలవలేదు. మిషను భుజం మార్చుకుని అలాగే నిలబడ్డాడు.

నేను తలుపు వేసేశాను.