తిరిగి పెట్టండి

హెన్నింగ్ లుట్కె ఊళ్ళో ఉన్న ప్రతి ఆదివారం తండ్రితో కలిసి చర్చికి వెళ్ళేవాడు. అందరితో పాటు ప్రార్థన చెప్పేవాడు. తమకు కీడు చేసినవాళ్ళను క్షమించే మాట వచ్చే చోట మాత్రం పెదవులు బిగించి ఊరుకునేవాడు. మనసులో లేనిది దేవుడి ఎదుట ఎలా అనడం? ఫోల్క్‌మార్ డ్రోస్ట్‌ను అతను క్షమించలేదు. క్షమించే ఉద్దేశమూ లేదు.

జర్మనీలోని వుప్పర్టాల్‌లో పాత రిబ్బన్ల మిల్లు పై అంతస్తులో ఉన్న స్నూకర్ క్లబ్బు డ్రోస్ట్‌ది. హెన్నింగ్‌కు క్యూ కర్ర పట్టుకోవడం నేర్పిందీ, బల్ల మీది పచ్చ గుడ్డను ముడత లేకుండా ఇస్త్రీ చేయడం నేర్పిందీ ఆయనే. హెన్నింగ్‌కు పదిహేడేళ్ళప్పుడు క్లబ్బు పోటీలో ఇద్దరూ ఎదురుపడ్డారు. డ్రోస్ట్ తన వంతు దెబ్బతో, ఇద్దరూ కర్రతో కొట్టే తెల్ల బంతిని తీసుకెళ్ళి బ్రౌన్ బంతి చాటున దాచాడు. హెన్నింగ్ కొట్టవలసిన ఎర్ర బంతులు బల్లకు ఆ చివర ఉన్నాయి. నేరుగా దారి లేదు. తెల్ల బంతిని అంచులకు కొట్టి, తిప్పి తగిలించాలి.

తగలకపోతే ఎదుటివాడికి నాలుగు పాయింట్లు. ఎదుటివాడు అంతటితో వదిలేయవచ్చు. కావాలంటే, రిఫరీ ఒప్పుకుంటే, బంతులన్నిటినీ మునుపున్న చోటే పెట్టించి అదే దెబ్బ మళ్ళీ ఆడించవచ్చు. తగిలేదాకా, ఎన్నిసార్లయినా. ఆటలో అది నిబంధనే. ఎవరూ తప్పు పట్టడానికి లేదు.

ఆ రోజు డ్రోస్ట్ ఆ నిబంధనను చివరి చుక్క దాకా పిండాడు. "తిరిగి పెట్టండి" అన్నాడు. మళ్ళీ అన్నాడు. మళ్ళీ మళ్ళీ అన్నాడు. తరువాత జనం వైపు తిరిగాడు.

"ఇళ్ళకు కప్పులు వేసేవాడి కొడుకు కదా! బంతిని చూడరా అంటే కప్పు కేసి చూస్తున్నాడు."

హాలంతా పగలబడి నవ్వింది. ఆ కప్పులు వేసే మనిషి, హెన్నింగ్ తండ్రి ఎవాల్డ్, చివరి వరుసలోనే కూర్చుని ఉన్నాడు. నవ్వు ఇంకా ఆగకముందే లేచి, కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. ఇంటి దగ్గర ఆ సంగతి ఎత్తలేదు. కొడుకు ఆట చూడడానికి మళ్ళీ రాలేదు.

నా మొహం చూడలేక సిగ్గుతో వెళ్ళిపోయాడు అనుకున్నాడు హెన్నింగ్. ఆ అనుకోవడమే అతని చేత ఆడించింది. ఇంగ్లండులో అద్దె గదిలో ఉంటూ రెండేళ్ళు ప్రొఫెషనల్‌గా ఆడాడు. గెలిచినవి తక్కువ, ఓడినవి ఎక్కువ. చివరికి ప్రొఫెషనల్‌గా ఆడడానికి ఇచ్చే కార్డూ పోయింది. అయినా అతను చాటు బంతులను తిప్పి కొడుతుంటే అక్కడి పెద్ద ఆటగాళ్ళు కూడా ఆగి చూసేవారు. సాధన చేసిన ప్రతి దెబ్బలోనూ ఎర్ర బంతి స్థానంలో డ్రోస్ట్ బట్టతల కనిపించేదని వాళ్ళకు తెలియదు.

పోయిన కార్డు తిరిగి రావాలంటే మొదటి మెట్టు ప్రాంతీయ పోటీ. అది ఈసారి డ్రోస్ట్ క్లబ్బులోనే పెట్టారు. చీటీలు తీస్తే హెన్నింగ్ పక్కన డ్రోస్ట్ పేరు వచ్చింది.

హెన్నింగ్ నేరుగా తండ్రి దగ్గరికి వెళ్ళాడు.

"నాన్నా, ఈ ఒక్కసారి రా. చివరిదాకా కూర్చో."

"ఎవరితో ఆట?"

"డ్రోస్ట్‌తో."

ఎవాల్డ్ బ్రెడ్డు మీద వెన్న రాయడం ఆపి కొడుకు మొహంలోకి చూశాడు. "సరే" అన్నాడు.

డ్రోస్ట్‌కు అరవై దాటాయి. తుంటి నొప్పి, బల్ల మీదికి వంగితే మూలుగు. అయినా చేతిలో ఒడుపు పోలేదు. చెరి రెండు ఫ్రేములు గెలిచారు. ఐదోది తేల్చేది. అందులో, ఇద్దరి పాయింట్లూ దగ్గరదగ్గరగా ఉండగా, హెన్నింగ్‌కు తేలికైన ఎర్ర బంతి ఒకటి దొరికింది. దాన్ని గోతిలో వేసి ఆట లాగేయవచ్చు. అతను వేయలేదు. దానికి మెల్లగా తాకించి, తెల్ల బంతిని వెనక్కి జార్చి, బ్రౌన్ బంతి చాటున ఆపాడు. అదే చోట.

డ్రోస్ట్ ఒక్క క్షణం బల్ల కేసి చూసి, తల పైకెత్తి హెన్నింగ్‌ను చూశాడు. అర్థమైంది ఆయనకు.

వంగి కొట్టాడు. తెల్ల బంతి రెండు అంచులు తిరిగి, ఎర్ర బంతులను వెంట్రుకవాసిలో తప్పించుకుపోయింది. రిఫరీ ఇల్కా తప్పు ప్రకటించి హెన్నింగ్ వైపు తిరిగింది.

"తిరిగి పెట్టండి" అన్నాడు హెన్నింగ్. ఆ మాట అంటున్నప్పుడు నాలుక మీద చక్కెర వేసినట్టయింది.

మళ్ళీ తప్పింది.

"తిరిగి పెట్టండి. తొందరేం లేదు డ్రోస్ట్ గారూ, కర్రకు సుద్ద రాసుకోండి. వంగడం కష్టంగా ఉంటే కుర్చీ తెప్పించమంటారా?"

ముందు వరుసలో ఒకరిద్దరు నవ్వారు. హెన్నింగ్ ఆ నవ్వుకోసం చెవులు రిక్కించాడు. ఇంకా రావాలి. హాలంతా రావాలి. తండ్రి వినాలి.

నాలుగోసారికి డ్రోస్ట్ చొక్కా వీపుకు అంటుకుపోయింది. తుంటి మీద చెయ్యి ఆనించి లేచాడు. నవ్వులు లేవు. ఎవరో ఆడమనిషి "అయ్యో, ఇక చాలు కదా" అంది. ఓడిపోయానని చెయ్యి చాపితే అక్కడితో అయిపోయేది. డ్రోస్ట్ చాపలేదు.

హెన్నింగ్ నోరు తెరిచేలోపల ఆయనే అన్నాడు: "పెట్టమ్మా ఇల్కా, పెట్టెయ్. అబ్బాయి గొంతు ఎండిపోతుంది పాపం, ఎన్నిసార్లని అడుగుతాడు!"

అప్పుడు హాలంతా నవ్వింది. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన ఆ నవ్వు వచ్చింది. కానీ డ్రోస్ట్ పక్షాన వచ్చింది. హెన్నింగ్ ఒళ్ళు మండిపోయింది.

ఆ తరువాతి దెబ్బకు తెల్ల బంతి మూడు అంచులు తిరిగి, మెల్లగా, మెల్లగా వెళ్ళి ఒక ఎర్ర బంతిని ముద్దు పెట్టుకున్నట్టు తాకింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎదుటి ఆటగాడు బల్ల అంచును వేళ్ళతో తట్టి మెచ్చుకోవడం మర్యాద. హెన్నింగ్ వేళ్ళు కదల్లేదు.

అప్పటికే డ్రోస్ట్ తప్పులకు వచ్చిన పాయింట్లు పోగుపడ్డాయి. హెన్నింగ్ గెలిచాడు. డ్రోస్ట్ చెయ్యి చాపాడు. అరచెయ్యి తడిగా ఉంది.

"బాగా నేర్చుకున్నావ్ అబ్బాయ్."

"ఎవరి దగ్గర?"

"అదే అంటున్నా."

హెన్నింగ్ చివరి వరుస కేసి చూశాడు. తండ్రి కుర్చీ ఖాళీగా ఉంది. కోటు లేదు.

మెట్లు రెండేసి దిగి పరుగెత్తాడు. ఎవాల్డ్ నది గట్టున, నీళ్ళ పైన పట్టాలకు వేలాడుతూ పోయే ఆ ఊరి రైలును చూస్తూ నిలబడి ఉన్నాడు.

"చివరిదాకా కూర్చుంటానన్నావు! నేను గెలిచాను నాన్నా. ఆనాటి నీ సిగ్గు పోగొట్టాను."

"నా సిగ్గా?" ఎవాల్డ్ తిరిగాడు. "నాకు సిగ్గని ఎవరు చెప్పారురా నీకు?"

"మరి ఆ రోజు లేచి వెళ్ళిపోయావు కదా."

"ఇంకొక్కసారి 'తిరిగి పెట్టండి' అని ఉంటే వాడి పళ్ళు రాలగొట్టేవాణ్ణి. అందుకని లేచాను. ఆ తరువాత వస్తే ఎప్పుడో ఒకప్పుడు కొట్టేస్తానని రాలేదు." ఆయన కప్పుల మీద పని చేసి మొద్దుబారిన చేతులను కోటు జేబుల్లోకి తోసుకున్నాడు. "ఇవాళా అలాగే లేచాను. ఇవాళ ఎవరిని కొట్టమంటావు?"

పైనుంచి ఇంకో రైలు వెళ్ళింది.

"కర్ర లోపలే వదిలేసొచ్చావు" అన్నాడు ఎవాల్డ్. "వెళ్ళి తెచ్చుకో. నేనిక్కడే ఉంటా."

హాలు ఖాళీ అయింది. మూలన డ్రోస్ట్ ఇస్త్రీ పెట్టె వేడెక్కడం కోసం చూస్తూ కుర్చీలో కూలబడి ఉన్నాడు. హెన్నింగ్ ఆయన్ను దాటి వెళ్ళాడు. కర్ర తీసుకున్నాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు. ఎందుకో అతనికే తెలియదు. వెనక్కి వచ్చి తెల్ల బంతిని బ్రౌన్ బంతి చాటున పెట్టాడు. ఎర్ర బంతులను ఆ చివర సర్దాడు. ఎవరూ చూడని చోట, ఇంగ్లండులో వేలసార్లు కొట్టిన దెబ్బ.

వంగి కొట్టాడు. తెల్ల బంతి మూడు అంచులు తిరిగి, ఎర్ర బంతుల పక్కనుంచి జారిపోయింది.

వెనక మూలుగు వినిపించింది. డ్రోస్ట్ తుంటి పట్టుకుని లేచి, బల్ల అవతలికి వచ్చి, తెల్ల బంతిని చేతిలోకి తీసుకున్నాడు.

"తిరిగి పెట్టనా?"

హెన్నింగ్ ఆయన మొహంలో ఎగతాళి కోసం వెతికాడు. ఉందో లేదో తేల్చుకోలేకపోయాడు.

"పెట్టండి" అన్నాడు.