చదవండి చూద్దాం

నాది గుర్తుండే మొహం కాదు. ఏడుస్తూ చెప్పుకుంటున్న మాట కాదిది, ఉన్న మాట. పొద్దున కళ్ళజోడు ఆర్డరిచ్చి వెళ్ళినవాళ్ళు సాయంత్రం వచ్చి నా ఎదురుగానే నిలబడి, "ఇక్కడొకమ్మాయి ఉండాలండీ, లేదా?" అని నన్నే అడుగుతారు. మా పెద్దత్తయితే ఓ పెళ్ళిలో నా పక్కనే కూర్చుని భోంచేసి, చేతులు కడుక్కునేటప్పుడు "నువ్వెవరి తాలూకమ్మా?" అంది. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది.

గొంతు మాత్రం దేవుడు బాగానే ఇచ్చాడు, వాగుడుతో సహా. అందుకే మా బాబాయి నన్ను వసపిట్ట అంటాడు. కళ్ళజోళ్ళ షాపు ఆయనదే. వెనక గదిలో కళ్ళు పరీక్ష చేసేది, అద్దాలు ఫ్రేములో బిగించేది ఆయన. ముందు కౌంటర్లో కూర్చుని వచ్చినవాళ్ళతో వాగేది నేను. బాబాయికి చాదస్తం ఎక్కువ, రెండు రూల్సు పెట్టాడు. బయట నుంచి అద్దాలు వచ్చిన రోజే కవరు మీద తేదీ వేసి, కింద సంతకం గీకాలి. కొత్త జోడు పెట్టుకున్నవాళ్ళ చేత చిన్నక్షరాలు చదివించనిదే షాపు దాటనివ్వకూడదు. వేరే కాగితం వెతుక్కోవడం బద్ధకమై నేను ఆ కవరే చేతికిచ్చి "చదవండి చూద్దాం" అనేదాన్ని. ఏడేళ్ళుగా అదే మాట, అదే కవరు. నిద్రలో లేపినా చెయ్యి దానంతటదే కవరు అందించేది.

ప్రెస్సాయన ఒకటో తారీకున వచ్చాడు. అచ్చాఫీసులో కాగితాలు కోసే మిషను మీద పని ఆయనది. జోడు జారి మిషను కింద పడి నుజ్జయిందట. ఎప్పుడో చదువుకునే రోజుల నాటి పాత జోడు పెట్టుకుని, తలుపు ఎక్కడుందో తడుముకుంటూ లోపలికొచ్చాడు.

బాబాయి పరీక్ష చేసి, "మైనస్ పది. ఈ పాతదానికి సగం పవరు కూడా లేదు. దీంతో పనికెలా వెళ్తున్నావయ్యా?" అన్నాడు.

"వెళ్ళకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటారండీ."

అద్దాలు బయట చేయించాలి, మూడు రోజులు పడుతుందని చెప్పాం.

ఆ మూడు రోజులూ పనయ్యాక ఐదున్నరకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన ఇంటికి దారి మా షాపు ముందునుంచే. బాబాయి ఐదింటికే వెళ్ళిపోతాడు కాబట్టి షాపులో మేమిద్దరమే. కౌంటరుకి ఇవతల నేను ఆయనకి ఉత్త మసక. అందుకేనేమో, ఆయన మొహం తిప్పుకోకుండా మాట్లాడేవాడు. నేను ఏది చెప్పినా నవ్వేవాడు. మా పెద్దత్త కథ చెప్తే కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు.

"మీరెలా ఉంటారండీ?" అని మూడో రోజు అడిగాడు.

"చక్కగా ఉంటాను. చూసి మూర్ఛపోకండి."

"అద్దాలు రానివ్వండి, మొట్టమొదట మిమ్మల్నే చూస్తా. అయినా చూడక్కర్లేదులెండి. వెయ్యి మందిలో ఉన్నా మీ గొంతు పట్టేస్తాను."

నాకు ముప్పై ఒకటి. ఆ మాట నాతో ఎవరూ అనలేదు. ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి నా మొహం నేనే చూసుకుని, ఛీ, అనుకున్నాను.

నాలుగో తారీకు పొద్దున అద్దాలు వచ్చాయి. కవరు మీద తేదీ వేశాను, సంతకం గీకాను. మధ్యాహ్నానికి బాబాయి ఫ్రేములో బిగించి ఇస్తే, జోడూ కవరూ సొరుగులో పెట్టాను. ఐదున్నరకి ఆయనొచ్చి "వచ్చాయాండీ?" అన్నాడు.

"ఇంకా రాలేదండీ."

ఎలా వచ్చిందో ఆ మాట నోట్లోంచి. "మంచిదే, ఇంకో రోజు కబుర్లు" అని ఆయన స్టూలు లాక్కున్నాడు. జోడు ఇచ్చానంటే నన్నొకసారి చూస్తాడు, సందు మలుపు తిరిగేలోపు మర్చిపోతాడు. ఇంకొక్క రోజు, అంతే, అనుకున్నాను. మర్నాడు బాబాయి "ఆ మైనస్ పది తీసుకెళ్ళాడా?" అంటే "ఆఁ, తీసుకెళ్ళాడు" అన్నాను. ఒక అబద్ధం ఆడాక రెండోది ఎంత సులువో!

అలా ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. "పెద్ద పవరు కదండీ, టైం పడుతుంది" అనేదాన్ని. ఆయన నమ్మేవాడు. మిషను గురించి చెప్పేవాడు. కత్తి ఒక్క దెబ్బకి అయిదొందల కాగితాలు తెగ్గొడుతుందట. ఎక్కడ తెగాలో పైకాగితం మీద పెన్సిలు గీత ఉంటుందట. "ఆ గీత కనబడట్లేదండీ. వేలితో తడిమి, అంచనాగా పెట్టేస్తున్నా" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. రేపు ఇచ్చేద్దాం అనుకున్నాను.

తొమ్మిదో తారీకున చూపుడువేలు చూపించాడు. గోరు కొస శుభ్రంగా తెగి ఉంది. "గోరే పోయింది. వేలైతే మీకు చూపించడానికి ఉండేది కాదు" అన్నాడు. నా చెయ్యి సొరుగు మీదకెళ్ళింది. సొరుగు జానెడు లాగాను కూడా. జోడు కనబడుతోంది.

"ఏంటండీ, మాట్లాడటం మానేశారు? మీ గొంతు వినబడకపోతే షాపులో ఒక్కణ్ణే ఉన్నట్టుంది నాకు" అన్నాడు ఆయన.

సొరుగు మూసేశాను. పాపిష్టిదాన్ని, మూసేశాను.

పదో తారీకున రాలేదు. పదకొండున రాలేదు. ఐదున్నర దాటి ఆరైనా తలుపు తెరుచుకోలేదు. అచ్చాఫీసుకి ఫోన్ చేద్దామని నంబరు కూడా తీశాను, కానీ ఏం వినాల్సొస్తుందోనని చెయ్యలేదు. పన్నెండునా రాలేదు.

పదమూడున వచ్చాడు. కుడిచేతికి కట్టు. రెండు వేళ్ళుండాల్సిన చోట ఖాళీ. స్టూలు లాక్కోలేదు.

"వచ్చాయాండీ?"

"వచ్చాయి" అన్నాను. జోడు తుడిచి నేనే ఆయన చెవులకి తగిలించాను. ఇంక నా చెయ్యి నా మాట వినలేదు. ఏడేళ్ళ అలవాటు. కవరు తీసి ఆయన ఎడంచేతికిచ్చి "చదవండి చూద్దాం" అన్నాను.

అన్నాక తెలిసింది ఏం చేశానో. లాక్కుందామంటే ఆయన చదవడం మొదలెట్టేశాడు.

"ఫ్రేము నంబరు ఇరవై రెండు. కుడి మైనస్ పది. ఎడమ మైనస్ తొమ్మిదిన్నర. అద్దాలు వచ్చిన తేదీ నాలుగు..." ఆగాడు. తలెత్తి నా వెనక గోడ మీద క్యాలెండరు చూశాడు. రోజుకో కాగితం చింపేది అది. పదమూడు.

"నాలుగేనాండీ? ఈ నెల నాలుగు?"

ఆయన కట్టు వైపు చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు.

"మిమ్మల్ని చూడాలని ఎంత ఆత్రపడ్డానో" అన్నాడు. అరిచినా బాగుండేది. కవరు కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నాలుగు నెలలైంది. ఆయన్ని ప్రెస్సులో కట్టలు కట్టే పనిలో వేశారని విన్నాను. రోజూ ఐదున్నరకి మా షాపు ముందునుంచే వెళ్తాడు. సరిగ్గా మా బోర్డు దగ్గరకొచ్చేసరికి జోడు తీసి జేబులో పెట్టుకుంటాడు. అలాగే పది అడుగులు వేసి నాలుగు రోడ్ల కూడలి దాటేస్తాడు. అవతలికెళ్ళాకే మళ్ళీ పెట్టుకుంటాడు. మొదటిసారి చూసినప్పుడు గుండెల్లో కత్తి దిగినట్టయింది. ఆ తర్వాత మొదలైంది అసలు భయం. ఆ కూడలిలో లారీలు ఎలా తిరుగుతాయో నాకు తెలుసు. ఐదున్నర అవుతుంటే కౌంటరు వదిలి తలుపు దగ్గరకెళ్ళేదాన్ని. తలుపు అద్దంలోంచి ఆయన అవతలికి చేరేదాకా చూస్తూ నిలబడేదాన్ని. ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు. "ఏమైందే నీకు?" అని బాబాయి రోజూ అడిగేవాడు.

నిన్న కూడలిలో సిగ్నలు లైట్లు పోయాయి. ఆయన జోడు జేబులో పెట్టుకుని రోడ్డు మీదకి అడుగేశాడు. ఎడంవైపునుంచి నీళ్ళ ట్యాంకరు. ఎలా పరిగెత్తానో తెలీదు. "ఆగండి!" అని అరిచి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. ట్యాంకరు మా ఇద్దరి మొహాల మీదకి దుమ్ము కొట్టి పోయింది.

"థాంక్సండీ. మీరు లేకపోతే అయిపోయేవాణ్ణి" అన్నాడు.

ఆయన నా గొంతు పట్టలేదు. ఒక్క గొంతే ఉందక్కడ, వెయ్యి కాదు.

"జోడు జేబులో పెట్టుకుని రోడ్డు దాటుతారా ఎవరైనా?" అన్నాను, కావాలనే ఇంకొంచెం వినిపిస్తూ.

ఆయన జోడు తీసి పెట్టుకున్నాడు. జానెడు దూరంలో నా మొహంలోకి సూటిగా చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఏమీ లేదు. దారినపోయే మనిషిని చూసినట్టే చూశాడు.

"అక్కడో కళ్ళజోళ్ళ షాపుందండీ. అందులో ఒకామె ఉంటుంది. ఆ మొహం నా కంట పడకూడదు. అందుకే అది దాటేదాకా తీసేస్తాను."

"ఎలా ఉంటుందామె?" నా పాడు నోరు ఊరుకోదు కదా.

ఆలోచించాడు. "గుర్తులేదండీ. ఒక్కసారే చూశాను."

నేనే అది, అని నాలుక చివరిదాకా వచ్చింది. తిట్టించుకునైనా గుర్తుండిపోవచ్చు. చెప్పానంటే ఈసారి మొహం బాగా గుర్తుపెట్టుకుంటాడు. రేపు కూడా ఈ రోడ్డు గుడ్డిగానే దాటుతాడు.

"ఆమె మానేసిందండీ. ఇప్పుడక్కడ లేదు. జోడు పెట్టుకునే నడవండి."

"మీకు తెలుసా ఆమె?"

"తెలీదండీ. ఎవరో అనుకుంటుంటే విన్నాను."

తలూపి, జోడుతోనే, అటూ ఇటూ చూసుకుని రోడ్డు దాటాడు. వెనక్కి తిరగలేదు, తిరగడానికి కారణమూ లేదు.

ఇవాళ పొద్దున్నే బాబాయికి చెప్పేశాను, రేపట్నుంచి రానని. "ఉన్నట్టుండి ఏం పుట్టిందే?" అని కేకలేశాడు. ఆయనకేం చెప్పను? ఆ మనిషితో నేనాడిన అబద్ధాల్లో ఒక్కటైనా నిజం కావాలి.